ఎవరి ఇజ్జత్‌కు విలువ? పరువు నష్టం చట్టమూ, ఇందూరు - బోధన్ ప్రాంత దళితులూ

నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో పరువు అన్న మాట కంటె ఇజ్జత్ అన్న మాటే ఎక్కువ వినపడుతుంది. పరువు తీయడాన్ని జనం బద్నాం చేసుడు అంటరు. ఈ రెండు మాటలూ ఉర్దూ నుండి వచ్చి మన వాడల్లో స్థిరపడినయి. కాని ఈ ఇజ్జత్ అందరికీ ఒక్కతీరుగ లేదు. భూస్వామి మీద కరపత్రం వేస్తే పది రోజుల్లో వకీలు నోటీసు వస్తుంది. కూలికి పోయే మాదిగ మనిషిని నలుగురి ముందు దొంగ అంటే మాత్రం "ఏదో కోపంల అన్నడు, పోనీయ్" అని పెద్దమనుషులు సర్ది చెప్తరు. మొదటిది చట్టం దాకా పోయే విషయం, రెండవది మరిచిపోవలసిన విషయం. ఈ తేడా ఎక్కడి నుండి వచ్చింది? చట్టంలోనే ఉందా, చట్టాన్ని వాడే చేతుల్లో ఉందా? కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తరచుగా అడుగుతున్న ప్రశ్నలు ఇవి. ఈ వ్యాసంలో పరువు నష్టం చట్టం ఏమి చెప్తుందో, దాన్ని మనం ఎట్లా వాడుకోవచ్చో, అది మన మీదికి వచ్చినప్పుడు ఎట్లా ఎదుర్కోవాలో వివరించే ప్రయత్నం చేస్తున్నాము.

చట్టం చెప్పేది

పరువు నష్టానికి మన దేశంలో రెండు దారులున్నయి. ఒకటి సివిల్ దావా, రెండవది క్రిమినల్ ఫిర్యాదు. సివిల్ దావాలో నష్టపరిహారం అడుగుతరు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఒక్క సంవత్సరం లోపలే ఈ దావా వెయ్యాలి. కోర్టు ఫీజు కట్టాలి. అన్న మాట నిజమని రుజువైతే దావా నిలవదు.

క్రిమినల్ కేసు 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 499 నుండి 502 వరకు ఉన్న సెక్షన్ల కింద నడిచేది. 2024 జులై 1 నుండి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 356వ సెక్షన్ ఇదే విషయం చెప్తుంది. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టం సమాజ సేవ అనే శిక్షను కూడా చేర్చింది. ఈ నేరానికి పోలీసులు తమంతట తాము ఎఫ్.ఐ.ఆర్. కట్టరు. నష్టపోయిన మనిషే మేజిస్ట్రేట్ ముందర ఫిర్యాదు వేసుకోవాలి. దీనికి గడువు మూడేళ్లు. బెయిలు హక్కుగా వస్తుంది. ఇరుపక్షాలు రాజీ పడవచ్చు. కొత్త ప్రొసీజరు చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, మేజిస్ట్రేట్ కేసును విచారణకు స్వీకరించే ముందే ఎదుటి మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పాత చట్టంలో ఈ అవకాశం లేదు. నోటీసు రాగానే భయపడి ఊరు విడిచి పోయేవాళ్లు ఈ మార్పును గుర్తుంచుకోవాలి.

ఒక మాట పరువు నష్టం కావాలంటే అది మూడవ మనిషికి చేరాలి. ఇద్దరి మధ్య ముఖాముఖిగా, ఎవరూ వినకుండ తిట్టుకుంటే అది పరువు నష్టం కాదు. మాటగానో, రాతగానో, బొమ్మగానో, సైగగానో ఉండవచ్చు. సెల్‌ఫోనులో పది మందికి పంపినా ప్రచురణ కిందికే వస్తుంది. ఒకరు రాసింది మనం మళ్లీ పంపినా బాధ్యత తప్పదు.

చట్టంలో పది మినహాయింపులున్నయి. మన పనికి వచ్చేవి కొన్ని చెప్తాము. ప్రజాహితం కోసం చెప్పిన నిజం నేరం కాదు. ఇక్కడ నిజం ఒక్కటే సరిపోదు, ప్రజాహితం కూడా చూపాలి. ప్రభుత్వోద్యోగి తన పనిలో ఎట్లా నడుచుకున్నడో దాని మీద సద్భావంతో అభిప్రాయం చెప్పవచ్చు. కోర్టులో జరిగిన విషయాన్ని ఉన్నదున్నట్టు రాయవచ్చు. అధికారం ఉన్న అధికారికి సద్భావంతో ఫిర్యాదు ఇస్తే నేరం కాదు. తన ప్రయోజనాన్నో, ఇతరుల ప్రయోజనాన్నో కాపాడుకోవడానికి సద్భావంతో అన్నమాట కూడా నేరం కాదు. సద్భావం అంటే మంచి మనసుతో అన్నానని చెప్పుకోవడం కాదు. తగిన జాగ్రత్తతో, శ్రద్ధతో విచారించి అన్నావా లేదా అని చట్టం చూస్తుంది.

నిర్వచనంలోనే కులం

ఈ చట్టం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా గమనించని విషయం ఒకటి ఉన్నది. పరువు తగ్గడం అంటే ఏమిటో చెప్పే నాలుగవ వివరణలో "కులం" అన్న మాట ఉంది. ఒక మనిషి నైతిక, మేధా స్వభావాన్ని తగ్గించినా, అతని కులం విషయంలో గాని, వృత్తి విషయంలో గాని అతని స్థాయిని తగ్గించినా, బజార్ల అతనికున్న పరపతిని తగ్గించినా పరువు నష్టమే అని 1860 చట్టం చెప్పింది. 2023లో రాసిన కొత్త సంహితలో కూడా ఆ మాట అట్లనే ఉన్నది.

దీని అర్థం ఆలోచించాలి. కులం విషయంలో స్థాయి తగ్గడం అంటే, తగ్గడానికి ముందు ఒక పై స్థాయి ఉండాలి. మెట్ల మీద పైన నిలబడ్డవానికి కింద పడే భయం ఉంటుంది. కిందనే నిలబెట్టబడ్డవానికి ఈ మాట ఏమి రక్షణ ఇస్తుంది? బ్రిటిష్ వాళ్లు ఈ చట్టం రాసేటప్పుడు సమాజంలో ఉన్న కుల గౌరవాన్ని ఆస్తి లాగ లెక్కగట్టి దానికి కాపలా పెట్టిండ్రు. కులం నుండి వెలివేసిన ప్రకటనల మీద ఆ కాలంలో కోర్టులకు కేసులు పోయినయి. ఊరే మొత్తంగా వెలివేసిన వాడల సంగతి ఆ కోర్టులకు పట్టలేదు.

నిజాం రాజ్యంలో వేరే శిక్షాస్మృతి ఉండేది. భారత శిక్షాస్మృతి 1951లో ఇక్కడికి వచ్చింది. అప్పటికే ఈ నేల మీద ఇజ్జత్ కోసం వేరే తీరు పోరాటం జరిగింది. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి వంటి వాళ్లు హైదరాబాద్ రాజ్యంలో తమను అంటరానివాళ్లు అని కాకుండ ఆది హిందువులు అని పిలవాలని కొట్లాడిండ్రు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, తిట్టుగా వాడిన కులం పేరునే మనిషి పేరు చివర గర్వంగా నిలబెట్టింది. చట్టం పైమెట్టు మీది గౌరవాన్ని కాపాడుతున్న చోట, ఈ ఉద్యమాలు మెట్లనే ప్రశ్నించినయి. పరువు గురించి మన ఆలోచన ఇక్కడి నుండి మొదలు కావాలి.

చెరుకు సీమలో పరువు అంటే బతుకుదెరువు

పరువు అనేది మనసుకు సంబంధించిన విషయమే అనుకుంటే పొరపాటు. నిజాంసాగర్ నీళ్లతో ఈ ప్రాంతంలో చెరుకు పెరిగింది. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1930ల చివర్లో నిలబడింది. దాని చుట్టు చెరుకు నరికే కూలీలు, బండ్లు తోలేవాళ్లు, సీజను కార్మికులు, చిన్న దుకాణాలు, హోటళ్లు బతికినయి. 2002లో ప్రభుత్వం అందులో 51 శాతం వాటాను ప్రైవేటుకు ఇచ్చింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతబడింది. నెల జీతం పోయినవాళ్లకు మిగిలింది నోటి మాట మీద దొరికే పని, ఉద్దెర, చేబదులు. ఇవన్నీ నమ్మకం మీద నడుస్తయి. మేస్త్రీ అడ్వాన్సు ఇయ్యాలన్నా, కిరాణా సేటు ఖాతా రాయాలన్నా, బీడీ కార్ఖానాలో ఆకు, తంబాకు ఇయ్యాలన్నా మనిషి మీద నమ్మకం ఉండాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. బీడీలు చేసే ఒక దళిత స్త్రీని కార్ఖానాలో నలుగురి ముందు "ఆకు దొంగతనం చేసింది" అన్నరు. రుజువు లేదు. ఆ ఒక్క కార్ఖానాలోనే కాదు, పక్క కార్ఖానాలో కూడా ఆమెకు పని దొరకదు. చట్టం భాషలో ఇది వృత్తి విషయంలో, పరపతి విషయంలో స్థాయి తగ్గించడం. ఇంకొక ఉదాహరణ. వాడ నుండి వచ్చిన యువకుడు బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ పెట్టిండు. ఎదుటి హోటలాయన "వాని కాడ శుభ్రం లేదు, తిన్నోళ్లకు రోగాలు వస్తున్నయి" అని అబద్ధం ప్రచారం చేసిండు. ఇది వ్యాపార పరువు నష్టం. ఆ ప్రచారం వెనుక కులం ఉన్నా నోటితో కులం అనకపోవచ్చు. శుభ్రం అన్న మాటలో కులం దాగి ఉంటదని మనకందరికీ తెలుసు. కోర్టుకు మాత్రం రుజువు చెయ్యాలి.

వ్యాపారంలో ప్రతి చెడ్డ మాటా నేరం కాదు. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒక దుకాణదారుడు తన దగ్గర పనిచేసే గుమాస్తాకు, ఫలానా మనిషి నిజాయితీ మీద తనకు నమ్మకం లేదు, రొక్కం ఇస్తేనే సరుకు ఇవ్వమని చెప్తడు. తన వ్యాపారాన్ని కాపాడుకోవడానికి సద్భావంతో చెప్తే అది నేరం కాదు. ఆ మాటనే బజార్ల నిలబడి అరిస్తే లెక్క మారుతుంది. ఎవరికి చెప్పవలసిన అవసరం ఉన్నదో వాళ్లకే చెప్పిండా, అందరికీ చాటిండా అన్నది తేల్చే విషయం.

ఏ దారిన పోవాలి?

దళితుని ఇజ్జత్ తీసినప్పుడు మొదట చూడవలసింది పరువు నష్టం చట్టం కాదు, 1989 నాటి ఎస్.సి., ఎస్.టి. అత్యాచారాల నిరోధక చట్టం. జనం చూస్తుండగా ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే 3(1)(ఆర్), కులం పేరుతో తిడితే 3(1)(ఎస్) వర్తిస్తయి. ఆరు నెలలకు తక్కువ కాకుండ, ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. కట్టవలసిందే. కేసు ప్రభుత్వం నడుపుతుంది, కోర్టు ఫీజు లేదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పు పెట్టిన ప్రాథమిక విచారణ అడ్డంకిని, ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాత, అదే ఏడు 18ఎ సెక్షన్ చేర్చి పార్లమెంటు తొలగించింది.

కాని ఈ చట్టానికి కూడా హద్దులు గీసిండ్రు. 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, బయటివాళ్లు లేని నాలుగు గోడల మధ్య జరిగిన తిట్టు ఈ సెక్షన్ కిందికి రాదన్నది. బాధితుడు దళితుడు కావడమే చాలదు, దళితుడు కాబట్టే అవమానించినట్టు ఉండాలన్నది. 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసు వచ్చింది. కేరళలో ఒక దళిత శాసనసభ్యుని మీద వీడియోలో చేసిన ఆరోపణల విషయంలో, అవి కులం ఆధారంగా చేసిన అవమానాలు కావని, మహా అయితే పరువు నష్టం అవుతుందని సుప్రీంకోర్టు అన్నది. ఈ వాదంతో మాకు పేచీ ఉన్నది. దళితుణ్ణి దొంగ అనడం, అగ్రకులం మనిషిని దొంగ అనడం సమాజంలో ఒక్కతీరుగ పనిచెయ్యవు. దళితుని విషయంలో వినేవాళ్లు ముందే నమ్మడానికి తయారుగ ఉంటరు. కాని తీర్పు ఉన్నంత కాలం మన పని తీరు దానికి తగినట్టు ఉండాలి. కులం మాట స్పష్టంగా లేని కేసుల్లో పరువు నష్టం ఫిర్యాదును రెండవ దారిగా సిద్ధం చేసుకోవాలి. సివిల్ దావా గడువు ఒక్క సంవత్సరమే కాబట్టి, అట్రాసిటీ కేసు తేలేదాక ఆగుతామంటే ఆ దారి మూసుకపోతుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. "ఆ కులపోళ్లంత దొంగలే" అని మొత్తం కులాన్ని అంటే ఎవరు ఫిర్యాదు చెయ్యాలి? 1972లో జి. నరసింహన్ కేసులో సుప్రీంకోర్టు, గుర్తుపట్టగలిగిన నిర్దిష్టమైన సమూహం అయితేనే అందులోని వ్యక్తి పరువు నష్టం ఫిర్యాదు చెయ్యగలడని చెప్పింది. చట్టం ప్రకారం కంపెనీకి పరువు ఉన్నది, వాడకు మాత్రం తేల్చుకోవలసి ఉన్నది. అయితే దళితుల మీద ద్వేషం రెచ్చగొట్టే మాటలకు అట్రాసిటీ చట్టంలో 3(1)(యు) ఉంది. దాన్ని మనవాళ్లు చాలా తక్కువగా వాడుతున్నరు.

నిజామాబాద్ జిల్లా ఊళ్లల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో జరిమానాలు వేసుడు, సాంఘిక బహిష్కరణ చేసుడు చాలా ఏండ్లుగా వార్తల్లో ఉన్న విషయం. ఫలానా ఇంటితో మాట్లాడొద్దు, పనికి పిలవొద్దు అని చాటింపు వేస్తే, అది ఆ కుటుంబం తప్పు చేసిందని ఊరంతటికీ చెప్పడమే. కమిటీకి చట్టం ఇచ్చిన అధికారం ఏదీ లేదు. కాబట్టి అధికారం ఉన్నవాడు మందలించడాన్ని నేరం కాదనే మినహాయింపు దానికి దొరకదు. బాధితులు దళితులైతే, బహిష్కరణ చేసినా, చేస్తమని బెదిరించినా 3(1)(జెడ్.సి) కింద నేరం. బహిష్కరణను పరువు నష్టంగా మాత్రమే చూపి చిన్నది చెయ్యొద్దు.

మనమే ముద్దాయిలమైతే

పరువు నష్టం చట్టం మన మీద ఆయుధంగా రావడమే ఎక్కువ. నిజనిర్ధారణ నివేదిక వేసిన సంఘానికి, కూలి ఎగ్గొట్టిండని కరపత్రం పంచిన యువకులకు, బడిలో వివక్ష గురించి రాసిన ఉపాధ్యాయునికి నోటీసు వస్తుంది. అందులో రాసిన రూపాయల లెక్క చూసి ఇల్లంత వణుకుతుంది. లెక్క ఎంతైనా రాయవచ్చు, ఇచ్చేది కోర్టు. కాని వాయిదా వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది. తీర్పు రాకముందే శిక్ష మొదలైతుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1926లో బ్రాహ్మణ ఆధిపత్యాన్ని విమర్శించిన ముగ్గురు బ్రాహ్మణేతర నాయకుల మీద పరువు నష్టం కేసు వేస్తే, వాళ్ల తరఫున బారిస్టరుగా నిలబడి గెలిచింది డాక్టర్ అంబేద్కర్. అమెరికాలో నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమానికి మద్దతుగా న్యూయార్క్ టైమ్స్‌లో 1960లో వేసిన ప్రకటన మీద, అలబామాలోని మాంట్‌గోమరీ పోలీసు వ్యవహారాలు చూసే కమిషనర్ సల్లివాన్ దావా వేసిండు. పత్రికతో పాటు నలుగురు నల్లజాతి పాస్టర్లను కూడా ఇరికించిండు. అక్కడి జ్యూరీ 5 లక్షల డాలర్లు ఇప్పించింది. 1964 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అధికారి గెలవాలంటే అబద్ధమని తెలిసీ లేదా నిజానిజాలు లెక్కచెయ్యకుండ అన్నరని రుజువు చెయ్యాలన్నది. మన సుప్రీంకోర్టు 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో, ప్రభుత్వాధికారుల విధి నిర్వహణ మీద విమర్శకు సివిల్ దావాల విషయంలో దగ్గరి సూత్రమే చెప్పింది. ప్రభుత్వం, స్థానిక సంస్థలు పరువు నష్టం దావా వెయ్యజాలవని కూడా అన్నది.

అయితే 2016 మే 13న సుబ్రమణియన్ స్వామి కేసులో క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు తేల్చింది. పరువు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమన్నది. శ్రీలంక 2002లోనే ఇటువంటి క్రిమినల్ చట్టాన్ని తీసివేసింది. ఇంగ్లండు 2009లో తీసివేసింది. మన దగ్గర మాత్రం ఉంది.

ఐనా దిగులు పడవలసిన పని లేదు. రిజర్వేషన్ల విషయంలో 2024 మే ఎన్నికల ప్రసంగం మీద రేవంత్ రెడ్డిపై బి.జె.పి. రాష్ట్ర శాఖ నాయకుడు వేసిన పరువు నష్టం ఫిర్యాదును 2025 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. కోర్టులను రాజకీయ రంగస్థలం చెయ్యొద్దన్నది. ముఖ్యమంత్రికి దొరికిన ఈ న్యాయం వాడలోని కార్యకర్తకు కూడా దొరకాలి కదా. 2024 మార్చిలో బ్లూంబర్గ్ కేసులో సుప్రీంకోర్టు, విచారణ జరగక ముందే రాతను ఆపే ఇంజంక్షన్లు అరుదైన కేసుల్లోనే ఇవ్వాలని హెచ్చరించింది. వీటన్నిటి కంటె మనకు దగ్గరి ఆయుధం ఇంకొకటి ఉంది. దళితుని మీద తప్పుడు, ద్వేషపూరిత, వేధింపు దావాలు వేయడం అట్రాసిటీ చట్టం 3(1)(పి) కింద నేరమే. నోటీసుకు జవాబు రాసేటప్పుడు ఈ మాట గుర్తు చెయ్యాలి.

"అట్రాసిటీ కేసు కొట్టేసిండ్రు, కాబట్టి అది తప్పుడు కేసు, మా పరువు పోయింది" అనే వాదం తరచుగా వినపడుతుంది. సాక్షులు ఎదురుతిరిగితే, రుజువు చాలకపోతే కేసు పోతుంది. రుజువు కాకపోవడం వేరు, అబద్ధం కావడం వేరు. పోలీసులకు సద్భావంతో ఇచ్చిన ఫిర్యాదుకు చట్టంలో ప్రత్యేకంగా మినహాయింపు ఉన్నదని ముందే చెప్పినాము.

రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు

కొన్ని జాగ్రత్తలు అవసరం. భయపడి రాయడం మానుకొమ్మని కాదు, రాసింది నిలబడాలని చెప్తున్నాము.

మొదటిది, జరిగిన విషయాన్ని, మన అభిప్రాయాన్ని కలగలపొద్దు. "ఫలానా తారీఖున కూలి ఇవ్వలేదని పన్నెండు మంది చెప్పిండ్రు" అన్నది విషయం. "ఇది వెట్టిచాకిరీయే" అన్నది మన అభిప్రాయం. రెండవది, ఎదుటివాళ్ల మాట అడగాలి. వాళ్లు జవాబు ఇవ్వకపోతే, అడిగినాము, ఇవ్వలేదు అని రాయాలి. సద్భావానికి ఇంతకంటె మంచి రుజువు లేదు. మూడవది, మొదట కలెక్టరుకు సోమవారం ప్రజావాణిలోనో, పోలీసు స్టేషన్‌లోనో, కార్మిక శాఖలోనో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ ఫిర్యాదుకు ఉన్న రక్షణ, అదే కాగితాన్ని బజార్ల పంచితే తనంతట తాను రాదు. నాలుగవది, సమాచార హక్కు చట్టం కింద తీసిన కాగితాలు, మస్టర్లు, సాక్షుల వాంగ్మూలాలు భద్రపరచాలి. ఫోను రికార్డింగు కోర్టులో చెల్లాలంటే సర్టిఫికెట్ కావాలి, కాబట్టి అసలు ఫోను పారేసుకోవద్దు. ఐదవది, ఒకని తప్పు రాస్తూ వాని ఇంటి ఆడవాళ్ల ముచ్చట, వాని రోగం ముచ్చట తేవద్దు. దాంట్లో ప్రజాహితం లేదు. మన ఆడవాళ్ల మీద అటువంటి మాటలు వస్తే మనం ఎట్లా బాధపడుతమో ఎదుటివాళ్ల విషయంలో కూడా అంతే.

ఎస్.సి., ఎస్.టి.లకు, స్త్రీలకు 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో పని లేకుండ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నది. కొన్ని రాష్ట్రాల నిబంధనలు పరువు నష్టం వ్యాజ్యాలను ఈ సహాయం నుండి మినహాయించినయి. కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ముందుగనే అడిగి తెలుసుకోవాలి.

మా అభిప్రాయం

క్రిమినల్ పరువు నష్టం నేరాన్ని తీసివేయాలని మేము అనుకుంటున్నాము. తీసివేస్తే దళితుడు పోగొట్టుకునేది తక్కువ. కుల అవమానానికి అట్రాసిటీ చట్టం ఉంది, మిగతా నష్టానికి సివిల్ దావా ఉంది. ఉంచితే మాత్రం ప్రశ్నించేవాని మెడ మీద కత్తి వేలాడుతూనే ఉంటది. సివిల్ దావాను మాత్రం పేదవాళ్లకు అందే విధంగా చెయ్యాలి. కోర్టు ఫీజు భారం తగ్గాలి, న్యాయ సహాయంలో మినహాయింపు పోవాలి. "కులం విషయంలో స్థాయి" అన్న మాటను నిర్వచనం నుండి తీసివేయాలి. స్థాయిలు ఉండకూడదని రాజ్యాంగం చెప్పిన దేశంలో, ఆ స్థాయిలకు కాపలా కాసే మాట 2023లో మళ్లీ రాసుకోవడం సిగ్గుపడవలసిన విషయం.

అంత దాక, పరువు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు అన్న మాటను మనం పట్టుకోవాలి. బంగ్లాలో ఉన్నాయన ఇజ్జత్ జీవించే హక్కు అయితే, మూతబడ్డ కార్ఖానా ముందర కూలి కోసం నిలబడ్డ మనిషి ఇజ్జత్ కూడా అదే హక్కు. ఈ సంగతి బోధన్ కోర్టులో, నిజామాబాద్ కోర్టులో మన వకీళ్లు అడిగేటట్టు చెయ్యడం సంఘాల పని. అవమానం జరిగినప్పుడు "పోనీయ్" అనకుండ తారీఖు, టైము, సాక్షుల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడంతో ఆ పని మొదలైతది.